తువ్వాల కొస

టైగర్‌కు మాట వినడం నేర్పింది నేనేనని ఊళ్ళో అంటారు. ఇన్నాళ్ళూ కాదనకపోవడం నా తప్పే.

పిలిస్తే పలకని ఆ కుక్కను బావమరిది ఇంట్లో వదిలేద్దామని నెల్లికుదురులో మహబూబాబాద్ ఆటో ఎక్కాను. దారంతా బిస్కెట్లు చూపిస్తూ పిలిచాను. ఆటోలో అందరూ నా ముఖం చూశారు, అది తప్ప.

ఎదుట కూర్చున్న ఒకామె నవ్వింది. "బిస్కెట్లు నువ్వే తిను అన్నా. దాని కండ్లు నీ తువ్వాల కొస మీదున్నయి."

తువ్వాల తీసుకుని దాని తల మీదికి ఎత్తింది. పైకి చూస్తూ టైగర్ కూర్చుంది. వెంటనే కొస నోటికందించి గుంజులాడనిచ్చింది.

"దీనికి తిండి గాదు, ఆట గావాలె. తువ్వాల మీద మాత్రం ఆశ పెట్టుకోకు."

ఆమె పేరు అడగలేదు. మహబూబాబాద్‌లో దిగి, నేనూ టైగరూ తిరుగు ఆటో ఎక్కాం. ఇప్పుడు టైగర్ ఒక్క పిలుపుకే వస్తుంది. చిల్లు లేని తువ్వాల నా దగ్గర ఒక్కటీ లేదు.