ముఖం లేని ఫోటో

కరీంనగర్ బజారులో మా ఇంటి ముందు గది మా నాన్న, అంటే బాపు, నడిపే ఫోటో స్టూడియో, వెనక వసారా మా అమ్మ, అంటే అవ్వ, కుట్టుమిషన్‌ది. స్టూడియోలో ఒకటే నల్లకోటు ఉండేది. ఫోటోకు వచ్చిన ప్రతి పెళ్లికొడుకూ అదే తొడుక్కునేవాడు. బక్కపలచటి మనిషైతే బాపు వెనక్కి వెళ్లి, వదులంతా గుప్పిట పట్టి, నాలుగు బట్టల క్లిప్పులు పెట్టేవాడు. ఫోటోలో మాత్రం అందరూ నవాబులే.

ఒకసారి క్రైస్తవ మిషన్ దవాఖానలోని తెల్ల డాక్టరమ్మ తమ్ముడి పెళ్లికి తమ దేశం పోతూ, నీలం పట్టుగుడ్డ, పుస్తకంలోంచి చింపిన ఒక ఫోటో అవ్వకు తెచ్చిచ్చింది. ఫోటోలో ఒక సన్నటామె, నేల మీద జీరాడే గౌను. అచ్చం అలాగే కావాలట. అవ్వ అప్పటిదాకా చిన్నపిల్లల గౌన్లే కుట్టింది. అయినా ఆదివారానికి ఇస్తానని మాటిచ్చింది. మాట పోతే ప్రాణం పోయినట్టే మా అవ్వకు.

తొడిగి చూస్తే నడుము దగ్గర ఫోటోలో ఉన్నట్టు అతకలేదు. బిగిస్తే డాక్టరమ్మకు ఊపిరాడదు, వదిలితే గోనెసంచి. మూడుసార్లు విప్పి మూడుసార్లు కుట్టింది. శనివారం అన్నం ముట్టకుండా కూర్చుని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదలు. నాకు భయమేసింది.

బువ్వకు వచ్చిన బాపు ఆ ఫోటో వెలుగులోకి పట్టుకుని చూసి పకపకా నవ్వాడు.

"నా ఇజ్జత్ పోతుంటే నవ్వుతున్నవా?" అని అవ్వ గజంబద్ద ఎత్తింది.

"ఓసి పిచ్చిదానా, గీమె తొడుక్కున్నది గూడ మన కోటు అసొంటిదే! నడుం కాడ బట్ట ఎనుకకు ఎట్ల గుంజుకపోయిందో చూడు. క్లిప్పులు పెట్టిండ్రు."

అవ్వ ఫోటో లాక్కుని చూసింది. కళ్లల్లో నీళ్లు ఉండగానే నవ్వొచ్చింది. "గంత పెద్ద దేశంల గూడ గిదే కథనా!"

ఆ సాయంత్రం ఫోటోను పక్కకు పెట్టి డాక్టరమ్మ కొలతలకే కుట్టింది. వెనక సన్న కుచ్చులు, రవికకు పెట్టినట్టు వరసగా హుక్కులు. పెళ్లికి పోయిన మనిషి కడుపునిండా తినొద్దా అంది.

ఆదివారం చర్చి అయ్యాక డాక్టరమ్మ తొడుక్కుని కూర్చుంది, లేచింది, చిన్నపిల్లలా గిర్రున తిరిగింది. బాపు ఫోటో తీయబోతుంటే అవ్వ అడ్డం పోయింది.

"జర అటు తిరుగమ్మా. ముంగటి ఫోటో నన్ను చాన ఏడిపిచ్చింది. ఎనుకదే దియ్యాలె."

ఆ ఫోటో చాలా ఏళ్లు స్టూడియో అద్దాల పెట్టెలో ఉంది. వచ్చేపోయేవాళ్లు "గిదేం ఫోటో, మొకమేది?" అని నవ్వేవాళ్లు.

అవ్వ మిషన్ ఆపకుండానే జవాబు చెప్పేది. "మొకం దేవుడు చేసిండు. గా ఎనుకది నేను చేసిన."