వరహాలమ్మ బస్సెక్కించిన పిల్ల

సరిహద్దు ఊరు కొంటా బజార్లో గాజుల దుకాణం నడిపే వరహాలమ్మ దగ్గర ఎవరూ చావరు. టీవీ సీరియల్లో ఎవరైనా పోతే మనవరాలు బుజ్జికి ‘ఊరెళ్లాడు’ అని చెబుతుంది. మొన్న వానల్లో లారీ కింద పడిన కుక్క మోతీని కూడా అలాగే భద్రాచలం పంపేసింది.

“యముడి కడుపు కొడుతున్నవే నువ్వు” అంటాడు భర్త చక్రధరరావు.

సాయంత్రం బేరాలు తగ్గాక ఏడేళ్ల బుజ్జిని పక్కన కూర్చోబెట్టుకుని పిల్లల నవల చదివేది. పుస్తకం హిందీ, ఆమె నోట్లోంచి వచ్చేది తెలుగు. అందులో ఇద్దరు నేస్తాలు వాగు అవతల ఇప్పచెట్టు కింద రాజ్యం కట్టుకున్నారు. తొండలు మంత్రులు, ఆ ఇద్దరిలో సుక్మతి రాణి. బుజ్జి కూడా గాజుల పెట్టెల వెనక ఒక రాజ్యం కట్టి, తాతకి కాపలా ఉద్యోగం ఇచ్చింది. జీతం మాత్రం లేదు.

ఒకరోజు పేజీ తిప్పగానే సుక్మతి వాగు దాటుతూ కొట్టుకుపోయింది. వరహాలమ్మ గొంతు సవరించుకుంది. సుక్మతి హాయిగా జగదల్‌పూర్ బస్సెక్కి హాస్టల్‌కి వెళ్లిపోయింది.

“మళ్ల ఎప్పుడొస్తది?”

“దసరా సెలవులకు.”

సెలవులిచ్చారు. ఆ సాయంత్రం బుజ్జి కనిపించలేదు. వరహాలమ్మ సగం షట్టర్ దించి వీధులన్నీ వెతికింది. చివరికి బస్టాండులో, సిమెంటు బల్ల మీద దొరికింది. చేతిలో రెండు ఎర్ర గాజులున్నాయి.

“ఏంది అమ్మమ్మా, సుక్మతి ఇంకా దిగలే? ఈ గాజులు ఆమెకే.”

బస్సు దారిలో సుక్మా ఊరి దగ్గర చెడిపోయిందన్న మాట వరహాలమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. గాజులవైపు చూసింది. కొలత చూసి మరీ ఏరింది పిల్ల. ఇప్పుడు ఇంకో బస్సు కల్పిస్తే ఇది రేపు కూడా ఇక్కడే కూర్చుంటుంది.

“సుక్మతి రాదమ్మా. వాగుల కొట్టుకుపోయి చచ్చిపోయింది. నేనే ఉత్తగా బస్సెక్కించిన.”

బుజ్జి రెండు గాజులూ ఒళ్లో పెట్టుకుంది.

“మరి మోతీ?”

“అది కూడా.”

అప్పుడేడ్చింది బుజ్జి. ఏడుస్తూనే అమ్మమ్మ భుజం మీద రెండు దెబ్బలేసింది.

“తాత కూడా చెప్పలే!”

“నేనే వద్దన్న.”

“కాపలా ఉద్యోగంలకెళ్లి తీసేస్త ఆయనను. నువ్వు ఇంక ఎవర్నీ బస్సెక్కియ్యకు.”

“ఎక్కియ్య.”

అంతలో హారన్ కొట్టుకుంటూ జగదల్‌పూర్ బస్సు వచ్చి ఆగింది. ఇంటికి పోదామని ఇద్దరిలో ఎవరూ అనలేదు. ఆఖరి మనిషి మూటతో సహా దిగేదాకా ఆ తలుపువైపే చూస్తూ కూర్చున్నారు.