జకరయ్య పాస్టరు పొడుగు ప్రార్థన

కోరుట్ల బాప్టిస్టు చర్చిలో జకరయ్య పాస్టరు ప్రార్థనకు కళ్లు మూశాడంటే ఇళ్లలో పొయ్యి మీది కూర మాడాల్సిందే. వారమంతా సైకిలు మీద తిరిగి విన్న కష్టాలన్నీ అందులోకి వచ్చేవి: బీడీలు చుట్టే ఆడవాళ్ల కూలి, చెడిపోయిన బోరింగు, కిష్టయ్య ఈనని బర్రె. భార్య రూతమ్మ ఎంత దగ్గినా ఆయన ఇంకో ఇంటి కష్టానికి పోయేవాడు.

నక్సలైట్ల కోసం పోలీసులు ఊళ్లు గాలిస్తున్న రోజులవి. ఒక ఆదివారం ఎస్సై, కానిస్టేబులు చర్చిలోకి వచ్చారు. వాళ్లు వెతుకుతున్న ఇద్దరు, దొరను కూలి పెంచమని అడిగిన రైతుకూలీ సంఘం మనుషులు, వెనక చాప మీదే ఉన్నారు.

"ప్రార్థన జేసుకుందాం సారూ, జర టోపీ తియ్యుండ్రి," అన్నాడు పాస్టరు.

దేవుడితో ఎందుకొచ్చిన గొడవ, ప్రార్థన అయ్యాకే పట్టుకుందామని పోలీసులిద్దరూ టోపీలు తీసి కళ్లు మూసుకున్నారు. పాస్టరు జగిత్యాల నుంచి ఒక్కో ఊరినీ పేరుపెట్టి దీవిస్తూ పోయాడు. కోనరావుపేట దగ్గర వెనక తలుపు కిర్రుమంది. ఆయన గొంతు పెంచి సిరిసిల్ల దాకా వెళ్లాడు.

ఆమెన్ అనేసరికి వెనక చాప ఖాళీ.

"ఏరీ వాళ్లు?" ఎస్సై గుడ్లురిమాడు.

పాస్టరు నోరు తెరిచేలోపే రూతమ్మ లేచింది.

"గీయన ప్రార్థనకు ఎవలు ఆగుతరు సారూ? జర జల్ది కానియ్యుండ్రని నేను రోజూ మొత్తుకుంట. నా మాట ఇంటరా!"