ఏమన్నాడమ్మాయ్?

క్రికెట్ గురించి ఎవరైనా నా ముందు గొప్పగా మాట్లాడితే నాకు ఇప్పటికీ కాళ్ళు లాగుతాయి. నిజంగానే, పిక్కలు పట్టేస్తాయి. డెబ్భైల్లో బెజవాడలో మా ముందుగదిలో, రేడియో పక్కన, గుమ్మానికి ఆనుకుని నేను నిలబడినంత సేపు మద్రాసులో అంపైర్లు కూడా నిలబడి ఉండరు. వాళ్ళకి మధ్యలో భోజనం ఉంది, టీ ఉంది. నాకు అవేవీ లేకపోగా, ఇంట్లో అందరికీ కాఫీ అందించాల్సింది కూడా నేనే.

మా వీధిలో పెద్ద రేడియో మాదే. మీట తిప్పాక లోపల వాల్వులు వేడెక్కి గొంతు పెగలడానికి కాసేపు పట్టేది. నాన్న మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. మ్యాచి ఉన్న రోజు మా ముందుగదికి ఇద్దరు తప్పకుండా వచ్చేవారు. ఒకరు ఎదురింటి బాబాయిగారు. సొంత బాబాయి కాదు, ఉయ్యూరు దగ్గర చెరకు తోటలున్న రైతు. పిల్లల చదువుల కోసం బెజవాడలో కాపురం పెట్టారు. రెండో ఆయన నాన్న స్కూల్లోనే పనిచేసే హిందీ పంతులుగారు. వీళ్ళు కాక, రేడియో గోల విని అరుగు మీద చేరే వాళ్ళు ఎప్పుడూ ఉండేవారు.

కామెంటరీ కాసేపు ఇంగ్లీషులో, కాసేపు హిందీలో వచ్చేది. నన్ను చిన్నప్పటి నుంచి కాన్వెంటులో చదివించారు కాబట్టి ఇంగ్లీషు నా వంతు. నాన్నకి ఇంగ్లీషు రాదని కాదు. పుస్తకంలో ఉంటే గడగడా చదివేస్తారు. రేడియోలో ఆ దొరల యాసలో, ఆ వేగంలో వస్తే మాత్రం అందేది కాదు. అందుకని నేను డిగ్రీలో చేరేనాటికే ఇంట్లో ఒక ఏర్పాటు జరిగిపోయింది. రేడియోలో ఒక్క ముక్క రాగానే బాబాయిగారు మెడ నా వైపు తిప్పేవారు.

"ఏమన్నాడమ్మాయ్?"

నేను చెప్పాలి. చెప్తున్నంతలో రెండో బంతి పడిపోయేది. దాన్ని వినాలంటే నోరు మూసుకోవాలి, నోరు మూసుకుంటే మళ్ళీ "ఏమన్నాడమ్మాయ్?" మొదలు. అందరికీ మ్యాచి వినిపించిన దాన్ని నేనే, ఒక్క ఓవరు కూడా సాంతం విననిదాన్నీ నేనే. ఈ సంగతి ఎవరికైనా చెబితే నవ్వేవాళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది.

పోనీ హిందీ వచ్చినప్పుడైనా హాయిగా విందామా అంటే, అది పంతులుగారి వంతు. ఆయన వంతు మొదలవగానే నాన్న లేచి పేము కుర్చీ ఆయన వైపు జరిపేవారు. "దయచేయండి పంతులుగారూ, మీ భాషొచ్చింది." ఆయన పంచె సర్దుకుని, కుర్చీలో చేరగిలబడి, రెండు బంతులకోసారి తీరిగ్గా ఒక్క మాట చెప్పేవారు. ఆ మాటకి గదంతా తలలూపేది. నేనేమో ఆ టైములో వంటింట్లో కాఫీ కలుపుతూ ఉండేదాన్ని. ఇంగ్లీషు చెప్పినదానికి గుమ్మం, హిందీ చెప్పినదానికి పేము కుర్చీ. ఇదెక్కడి న్యాయమో నాకు ఈనాటికీ తెలియదు.

నాకు కావలసింది పెద్ద కోరికేం కాదు. ఆ కుర్చీలో కూర్చోవాలి. కూర్చుని, అడిగింది చెప్పడం కాకుండా, ఆట గురించి నాకు తోచిన మాట ఒకటి అనాలి. ఆ మాటకి వాళ్ళు తలూపక్కర్లేదు, కాదని వాదించినా చాలు. మాటంటే అదే కదా. వాదించుకునే వాళ్ళ మధ్యలో నేనొక రెండో రేడియోలాగా నిలబడి ఉండేదాన్ని.

ఆట నాకు తెలుసు. కాలేజీలో టెన్నికాయిట్ ఆడేదాన్ని. క్రికెట్ ఆడకపోయినా, ఎవరెక్కడ నిలబడతారో వంటింటి గచ్చు మీద చింతపిక్కలు పేర్చుకుని నేర్చుకున్నాను. అమ్మ చీపురు పట్టుకుని వచ్చి, "నీ మనుషుల్ని తీస్తావా, ఊడ్చేయమంటావా?" అనేది.

ఒకసారి మనవాడు బ్యాటింగు చేస్తున్నాడు. స్పిన్నరు బంతి వేసిన ప్రతిసారీ ముందుకు వంగి, బ్యాటు చాపి తోస్తున్నాడు. పక్కనే, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఒకణ్ణి నిలబెట్టారు. నేను ఆగలేకపోయాను. "ఇలాగే తోస్తూ ఉంటే ఆ పక్కవాడి చేతిలో పడతాడు" అన్నాను.

బాబాయిగారు నవ్వారు. "అడిగింది చెప్పమ్మా, చాలు. వాడు చిన్నప్పట్నుంచీ ఆడుతున్నాడు, వాడికి తెలీదంటావా?"

ఆ ఓవరులోనే పడ్డాడు. నేను అన్నట్టే, ఆ పక్కవాడి చేతిలోనే. అప్పుడైనా 'భలే చెప్పావే' అంటారేమోనని చూశాను. గదంతా నా వంక గుర్రుగా చూసింది.

"చూశారా మాస్టారూ, అంతా ఈ అమ్మాయి నోటి చలవే" అన్నారు బాబాయిగారు. "బంగారంలా ఆడుతున్నవాణ్ణి పొట్టన పెట్టుకుంది."

నాన్న నా వైపు చూసి, "వాడు చెప్పింది మాత్రం చెప్పు తల్లీ, నీ సొంతం కలపకు" అన్నారు. పంతులుగారు కుర్చీలోంచి అయ్యో పాపం అన్నట్టు చూశారు. దానికి నాకు ఇంకా మండింది.

ఆట మధ్యలో టీ విరామం వస్తే మాటలు ఊరి మీదకి మళ్ళేవి. బెంజి సర్కిల్ దగ్గర పెద్ద స్టేడియం కడితే టెస్టు మ్యాచి బెజవాడకి రాదా అని ఒకరు, వేసవిలో ఇక్కడ నిలబడితే ఫాస్ట్ బౌలరు వడదెబ్బకి ఆసుపత్రి పాలవుతాడని ఇంకొకరు. మద్రాసులో టెలివిజను వచ్చిందని తెలిసిన రోజైతే క్రికెట్ కూడా మర్చిపోయారు.

"గుణదల కొండ మీద పొడుగాటి ఇనప గొట్టం పాతితే మద్రాసు బొమ్మ ఇక్కడ పడదా ఏంటండీ?" అన్నారు బాబాయిగారు. "రేడియో పాట వస్తుందిగా, బొమ్మకేం రోగం?"

నేను అప్పుడు ఫిజిక్సు చదువుతున్నాను. "అలా రాదు బాబాయిగారూ. ఆ తరంగాలు తిన్నగా పోతాయి. భూమి గుండ్రంగా ఉంది కదా, ఇంత దూరం వచ్చేసరికి మన నెత్తి మీంచి వెళ్ళిపోతాయి" అన్నాను.

ఎవరూ విన్నట్టే లేదు. కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళి తిరిగొచ్చేసరికి పంతులుగారు చెప్తున్నారు. "అది కాదండీ, భూమి గుండ్రం కదా..." బాబాయిగారు తొడ మీద చరిచి, "అద్గదీ! చదువుకున్నోళ్ళ మాటే వేరు!" అన్నారు. నా చేతిలో గ్లాసులు ఎలా పగలకుండా ఉన్నాయో నాకు తెలియదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర, నాన్న ప్రార్థన ముగించి ఆమెన్ అనగానే నేను అడిగేశాను.

"రేపట్నుంచి నాకూ కుర్చీ కావాలి. కూర్చునే చెప్తాను."

నాన్న ముద్ద కలుపుతున్నవారు ఆగిపోయారు. "పెద్దవాళ్ళ ముందా? బావుండదమ్మా. కావాలంటే గుమ్మం దగ్గర పీట వేసుకో."

"పీట మీద కూర్చుంటే వాళ్ళ మోకాళ్ళతో మాట్లాడాలి నేను."

అమ్మ ఫక్కున నవ్వి, వెంటనే నాన్నని చూసి ఆపుకుంది. "నీకెందుకే వాళ్ళ గొడవ? ఆటేమన్నా మనదా?" అంది. నాన్న తినేసి చెయ్యి కడుక్కున్నారు. కుర్చీ లేకపోతే చెప్పేది లేదని నేను కూడా నిర్ణయించుకున్నాను.

మర్నాడు మద్రాసు మ్యాచిలో ఆఖరి రోజు. అవతలివాళ్ళ వికెట్లు మూడో నాలుగో మిగిలాయి, మనవాళ్ళు గెలిచేలా ఉన్నారు. బాబాయిగారు రాత్రికి రాత్రి ఉయ్యూరు వెళ్ళి, చెరకు కొట్టుడు కూలీలకి వదిలేసి, పొద్దున్నే బస్సెక్కి వచ్చేశారు. అరుగు నిండిపోయింది. రేడియో ఇంగ్లీషులో మొదలైంది. నేను లోపలి గదిలో మంచం మీద కూర్చుని పుస్తకం తెరిచాను.

"అమ్మాయ్, ఏమన్నాడమ్మా?"

"నేను చదువుకోవాలి బాబాయిగారూ."

 తర్వాత రేడియోలో జనం ఒక్కసారి హోరుమన్నారు. ఇక ముందుగదిలో మొదలైంది గోల. ఔటంటారు ఒకరు, ఫోరంటారు ఒకరు. మద్రాసు వాళ్ళు మనవాడికి అరుస్తారు కాబట్టి ఔటేనని ఒకరు, వాళ్ళు మంచి ఆటకి ఎవరికైనా చప్పట్లు కొడతారని ఇంకొకరు. పంతులుగారు తన భాష రావాలని ఎదురుచూస్తూ పొడుం పీల్చుకుంటున్నారు. నాకు అంతా వినిపిస్తోంది, అంతా అర్థమవుతోంది. ఏం జరిగిందో నా నాలుక చివర ఉంది. పళ్ళ బిగువున ఆపుకున్నాను.

మళ్ళీ హోరు. ఈసారి బాబాయిగారు నాన్నని పట్టుకున్నారు. "మాస్టారూ, మీరైనా చెప్పండి. ఇంగ్లీషులో లెక్కలు చెప్తారు, ఈ మాత్రం తెలీదా?"

నాన్న గొంతు సవరించుకోవడం వినిపించింది. పాపం, పదిమందిలో తెలియదని ఎలా అంటారు? "ఔటు" అన్నారు. "క్యాచి పట్టాడు."

అరుగు మీద ఈలలు. బాబాయిగారు, "అమ్మాయి లేకపోతే ఎంత హాయిగా పడుతున్నాయండీ వికెట్లు!" అన్నారు.

క్యాచి పట్టలేదు. బంతి చేతుల్లో పడి జారిపోయింది. జనం అరిచింది ఏడుపు అరుపు. పుస్తకం మంచం మీద విసిరేసి వచ్చాను.

"ఔటు కాలేదు. చేతుల్లోంచి జారిపోయింది. వాడింకా ఆడుతున్నాడు, కావాలంటే వినండి" అన్నాను.

వెంటనే రేడియోలో ఆ ఆటగాడి పేరే వచ్చింది. మళ్ళీ వచ్చింది. ఇంగ్లీషు రానివాళ్ళకి కూడా పేరు తెలుస్తుంది కదా. నాన్న ముఖం మాడిపోయింది. ఆయన్ని అలా చూడటం నాకు బాధే వేసింది. అయినా నిజం చెప్పాను కాబట్టి, ఇప్పుడైనా ఎవరో ఒకరు లేచి కుర్చీ ఇస్తారనుకున్నాను. ఎంత పిచ్చిదాన్నో చూడండి.

బాబాయిగారు నెత్తి కొట్టుకున్నారు. "ఔటైపోయినవాణ్ణి కూడా బతికించింది కదయ్యా ఈ పిల్ల!"

గదంతా పగలబడి నవ్వింది. నాన్న కూడా నవ్వారు, ఆయనకి ఆ నవ్వే దిక్కైంది. మిగతా మ్యాచంతా నేను గుమ్మానికి ఆనుకుని చెప్పాను. పంతులుగారి వంతులో కాఫీ కలిపాను.

తర్వాతి మ్యాచికి పొద్దున్నే ముందుగది ఊడ్చి రేడియో పెట్టాను. ఎవరూ రాలేదు. బాబాయిగారు చెరకు డబ్బులు చేతికందగానే ట్రాన్సిస్టరు కొన్నారట. తోలు సంచీలో ఉంటుంది, భుజాన తగిలించుకోవచ్చు. దాన్ని తీసుకుని సెంటర్లో కాఫీ హోటలుకి మకాం మార్చేశారు. అక్కడ బ్యాంకులో పనిచేసే ఒకాయన టిఫినుకి వస్తాడు, ఇంగ్లీషు గొప్పగా చెప్తాడట. పంతులుగారూ అక్కడికే. నాన్న చొక్కా తొడుక్కుంటూ, నా వైపు చూడకుండా, "సాయంత్రం వస్తా" అని వెళ్ళిపోయారు. రేడియోకి కాళ్ళొచ్చి బజార్లోకి పోతే, ఆడపిల్లని నేనెక్కడికి పోను? ఆ రోజుల్లో ఆ హోటల్లో ఆడవాళ్ళు కూర్చోవడం నేను చూడలేదు.

అప్పుడు పేము కుర్చీ రేడియో ముందుకి లాక్కుని కూర్చున్నాను. ఐదు రోజులూ, మొదటి బంతి నుంచి ఆఖరి బంతి దాకా విన్నాను. ఎవరూ అడ్డం రాలేదు. ఎంత బాగుంటుందనుకున్నానో! మంచి బంతి పడినప్పుడల్లా పక్కకి తిరిగేదాన్ని, చెప్పడానికి. పక్కన ఖాళీ బల్ల. ఎవరితోనైనా కాస్త పోట్లాడదామన్నా మనిషి లేడు. ఆఖరి రోజు ఆఖరి వికెట్టు రనౌటు. ఇద్దరు బ్యాటర్లూ పరిగెత్తాలా వద్దా అని సగం దారిలో తడబడ్డారు, మనవాడు దూరం నుంచి విసిరిన బంతి సూటిగా స్టంపులకి తగిలింది. గెలిచాం. లేచి నిలబడి చప్పట్లు కొడితే అమ్మ వంటింట్లోంచి ఏమైందోనని తొంగి చూసింది.

ఆ రోజు పొద్దుగూకే వేళకి నాన్న వచ్చారు. ముఖం వెలిగిపోతోంది. రాగానే చెప్పులు విప్పుతూనే పిలిచారు. ఆ మధ్య నాతో సరిగా మాట్లాడనే లేదు, కాబట్టి పరిగెత్తుకొచ్చాను. ఆయన పేము కుర్చీ నా వైపు జరిపారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

"కూర్చో తల్లీ, ఏం జరిగిందో చెప్తాను. ఆఖరివాణ్ణి మనవాడు బౌల్డు చేశాడు చూడూ, నడిమి స్టంపు గాల్లోకి లేచి, గిర్రున తిరిగి, అంత దూరాన పడిందట!"

నేను కూర్చున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని, వీలైనంత నెమ్మదిగా చెప్పాను. "అది కాదు నాన్నా. ఆఖరివాడు రనౌటు. నేను మొదట్నుంచీ విన్నాను." ఇద్దరూ ఎలా తడబడ్డారో, బంతి ఎక్కణ్ణుంచి వచ్చిందో, అంతా చెప్పాను. పరిగెత్తమన్న వాడిదే తప్పని నా మాట కూడా కలిపాను. నాన్న అడ్డు రాకుండా అంతా విన్నారు. విని, గడ్డం గోక్కుంటూ కాసేపు ఆలోచించారు.

"మరి బ్యాంకాయన అలా చెప్పలేదే!" అన్నారు.