దేవునర్రలో హద్దురాయి

మా పెద్దనాయిన పోయినవారం చనిపోయాడు. ఈ వార్త తెలియగానే మహబూబ్‌నగర్ శివారులో, మా చెరువు చుట్టూ వెలిసిన వెంచర్లు కొన్ని ఊపిరి పీల్చుకున్నాయని నమ్మకమైన సమాచారం.

ఆయన సర్వే ఆఫీసులో చైన్‌మన్. కొలతల గొలుసు పట్టుకుని నడవడమే ఉద్యోగం. రిటైరయ్యాక కూడా చెరువు హద్దు తేలకపోతే ఆయన్నే పిలిచేవాళ్లు. పెళ్లి విందుకు వెళ్లినా, చేయి కడుక్కున్న నీళ్లు ఎటు పారుతున్నాయో చూసేదాకా కదిలేవాడు కాదు. "గీ ఫంక్షన్ హాలు వాగుల కట్టిండ్రు" అని పెళ్లికొడుకు తండ్రి చెవిలో వేసి వచ్చేవాడు. ఆయన ఆశీర్వాదం అంతే.

చెరువు నిండి అలుగు దూకే వేళ నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అదే ఎఫ్‌టీఎల్ గీత. గీత లోపలి భూమి పట్టాదే అయినా, నీళ్లు తగ్గినప్పుడు పంట వేసుకోవచ్చు గాని ఇల్లు కట్టకూడదు. గీత దాటాక కూడా కొంత జాగా బఫర్ పేరుతో ఖాళీగా వదలాలి. సివిల్ ఇంజనీరింగ్ చదివాను కాబట్టి ఇదంతా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. మరి ఎండిపోయిన చెరువులో ఆ గీతను పట్టుకునేదెట్లా? అది ఎవరూ చెప్పలేదు.

ఒక ఎండాకాలం ఆయన వెంట వెళ్లి చూశాను. మేస్త్రీలు వాడే లెవల్ పైపులో నీళ్లు నింపి, ఒక కొసను అలుగు పైఅంచుకు ఆనించి, రెండో కొస నా చేతికిచ్చి "నడువ్ బిడ్డా" అన్నాడు. రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తులో నిలుస్తాయి కదా. అట్లా అలుగు ఎత్తును మజిలీలు మజిలీలుగా మోసుకుంటూ తుమ్మచెట్లు దాటి, వెంచరు కమాను కిందుగా పోయి, చివరికి మా సొంత ప్లాటు నడిమధ్యన ఆగాం. ఇంటి నక్షాలో మా నాయిన దేవునర్ర, అంటే పూజగది, గీయించిన చోట.

నాయిన ఆ ప్లాటు కొన్నది మండు వేసవిలో. చెరువు పక్కన ప్లాట్లు అమ్మేవాళ్లు వానాకాలం ఎందుకో తీరిక లేకుండా ఉంటారు. హద్దురాయి అక్కడ దించగానే నాయిన అడ్డం వచ్చాడు.

"అన్నా, గా బండ జర చెరువు లోపటికి జరుపరాదే. నీ తమ్ముని ఇల్లే గద!"

"బండనైతే జరుపుత తమ్మీ. నీళ్లను నువ్వు జరుపుతవా?"

నాకు ఉండబట్టలేదు. "పెద్దనాయినా, నీళ్లు గింత దూరం వచ్చింది ఎవరు చూసిండ్రు?"

ఆయన గడ్డపారతో రెండు పోట్లు పొడిచి, మట్టిలోంచి తెల్లటి నత్తగుల్ల ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు.

"మరి గిది ఏ బస్సెక్కి వచ్చిందంటవ్ బిడ్డా?"

ఆ గుల్ల ఇప్పటికీ నా పెన్నుల డబ్బాలో ఉంది. నా చదువు మొత్తంలో అంత చిన్న జవాబు నాకెవరూ ఇవ్వలేదు.

రాయి అక్కడే పాతారు, సున్నం వేశారు. ఆ రోజు నుంచి నాయిన అన్నతో మాట్లాడటం మానేశాడు. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చునేవాళ్లు. "మీ పెద్దనాయినకు చాయ్ కావాల్నేమో అడుగు" అనేవాడు నాయిన నాతో. "వద్దని చెప్పు మీ నాయినకు" అనేవాడు ఆయన. ఆ చాయ్ కూడా నేనే తాగి సంధి కాపాడేవాణ్ణి.

చనిపోయిన రోజు, పాడె లేవకముందే ఒక బ్రోకరు వచ్చి నాయిన పక్కన కూర్చున్నాడు. "మీ అన్న లేడాయె. గా బండ పీకి అవతల ఏస్తే అడిగేటోడెవడు? గోడ లేపుకో." నాయిన అవుననలేదు, కాదనలేదు. నాకు భయమేసింది అందుకే. ఆ నక్షా ఇంకా బీరువాలోనే ఉంది.

మూడోనాడు పిట్టకు పెట్టుడు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడాలి. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయిందని అర్థం. ఎక్కడ పెట్టాలని చర్చ వస్తే పెద్దమ్మ తేల్చేసింది. "ఆయన పాణమంతా గా బండకాడ్నే ఉండె. గాడ్నే పెట్టుండ్రి."

ఇంకా కట్టని ఆ దేవునర్రలో విస్తరి పరిచారు. బోటి, మటన్, గ్లాసెడు కల్లు. కాకులు వచ్చి కరెంటు తీగ మీద వరుసగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. వేళకు మందులు వేసుకుంటానని పెద్దమ్మ మాటిచ్చింది. ఉద్యోగం చూసుకుంటానని నేను మాటిచ్చాను. ఒక కాకి తల అటు తిప్పుకుంది. చివరికి అందరి కళ్లూ నాయిన మీద పడ్డాయి.

"ఏంది, అందరు నా దిక్కే చూస్తరు?"

నాయిన ఆ రాయి దిక్కు తిరిగాడు. తర్వాత, ఇన్నేళ్లకు మొదటిసారి, మధ్యలో నేను లేకుండా అన్నాడు.

"అన్నా, జరుపనే. నీ బండ జోలికి పోను. తిను."

ఆ మాటకు దిగిందో, బోటి వాసనకు దిగిందో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. పెద్దనాయిన ఉంటే గడ్డపారతో తవ్వి చూపించేవాడు. ఒక కాకి మాత్రం దిగింది. తాపీగా తిని, ఎగిరి సున్నపు రాయి మీద కూర్చుని, ముక్కును ఇటొకసారి అటొకసారి దానికే తుడుచుకుని, చెరువు వైపు తిరిగింది.