తలుపు తెరిచేలోగా

ఆంటీ పోయారన్న సంగతి నాకు ఫోటోతో సహా వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం, నేను పనిచేసే వృద్ధుల రెస్ట్ హోమ్‌లో భోజనం చేస్తూ ఈమెయిల్ తెరిస్తే ముందు ఆవిడ ముఖం, దాని కింద నాలుగు లైన్లు. కష్టంలో ఉన్న కుటుంబాల కోసం జీవితమంతా పాటుపడిన మన ప్రియతమ పెద్దావిడ ఇక లేరు, అంత్యక్రియలు ఆదివారం ఉదయం, దయచేసి పూలు తేవద్దు. ఫోటోలో ఆవిడ తన ఇంటి గుమ్మంలో నిలబడి, రెండు చేతులతో ఒక అట్టపెట్టె పట్టుకుని ఉన్నారు. సాయం పెట్టెతో ఎవరినీ ఫోటో తీయనివ్వని మనిషి ఆవిడ. ఆ ఫోటో తీసింది నేనే.

అందుకే ఇది రాస్తున్నాను. ఆదివారం నాడు ఆవిడ మంచితనం గురించి చాలామంది మాట్లాడారు, బాగానే మాట్లాడారు. నాకు అలా మాట్లాడటం రాదు. పైగా నాకు కోపంగా ఉంది, అందులో ఎక్కువ భాగం నా మీదే.

రెండువేల మూడులో నేనూ మా ఆయనా పాపతో న్యూజిలాండ్‌లో, ఆక్లండ్‌లో దిగాం. తెనాలిలో ఎనిమిదేళ్ళు నర్సుగా చేసినదాన్ని. ఇక్కడ రిజిస్ట్రేషన్ వచ్చేదాకా ఆ సర్టిఫికెట్లన్నీ పాపకూర అనే పేటలో మా ఫ్లాట్‌లో మంచం కింద సూట్‌కేసులో ఉండేవి. లైబ్రరీ నోటీసు బోర్డు మీద ఓ చిన్న కాగితం కనిపించింది. శుక్రవారాలు మాత్రమే, వ్యాను నడపగలవాళ్ళు కావాలి అని. ఫోన్ చేసి వెళ్తే అది యూదుల ప్రార్థనా మందిరం వెనకాల ఒక స్టోరు గది. యూదులంటే నాకు సండే స్కూల్ బొమ్మల్లోని పొడుగు గడ్డాలవాళ్ళే. అక్కడేమో పొట్టి జుట్టు, ఊలు కార్డిగన్, మెడలో దారానికి కట్టిన చిన్న కత్తెరతో డెబ్బై దాటిన ఒకావిడ స్టూలు మీద కూర్చుని ఉంది.

"ఈ ఊళ్ళో మా యూదులు ఎవరైనా నీకు తెలుసా?" అని అడిగారు.

"తెలీదు మేడమ్."

"ఒక్కరు కూడా?"

"ఒక్కరు కూడా తెలీదండీ," అన్నాను. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను.

"అయితే నువ్వే కావాలి. మాది చిన్న సమూహం, అందరికీ అందరూ తెలుసు. నీకు ఎవరూ తెలీకపోవడమే నీ అర్హత. మేడమ్ మాత్రం అనకు, నేనేం హెడ్మిస్ట్రెస్‌ని కాను."

మరి ఏమని పిలవమంటారు, మా వైపు పెద్దవాళ్ళని ఆంటీ అంటాం అన్నాను. "నన్నెవరూ అలా పిలవలేదు," అన్నారు. "అలా పిలవాల్సినవాళ్ళు ఎవరూ ఇంతదూరం చేరలేదు." తర్వాత వ్యాను తాళాలు నా చేతిలో పెట్టారు.

పని తేలికే. శుక్రవారం సూర్యుడు వాలితే వాళ్ళకి సబ్బాతు, అంటే వారపు విశ్రాంతి దినం, మొదలవుతుంది. ఆలోగా ఇంటింటికీ ఒక పెట్టె చేరాలి. జడలా అల్లిన రొట్టెలు రెండు, కొవ్వొత్తులు రెండు, ద్రాక్షరసం, చేప డబ్బాలు, పాస్తా, పిల్లలున్న ఇంటికి స్వెట్టరో బూట్లో. ఉద్యోగం పోయినవాళ్ళు, భర్త వదిలేసినవాళ్ళు, వేరే దేశాల నుంచి కొత్తగా వచ్చి సెటిల్ అవ్వలేక తంటాలు పడుతున్నవాళ్ళు. నా చేతిలో ఉండే లిస్టులో అడ్రసులు మాత్రమే ఉండేవి, పేర్లు ఉండేవి కావు. పేర్లన్నీ ఆంటీ తలలో ఉండేవి.

పెట్టెలు కట్టేముందు ప్రతి డబ్బా మీదా ఉన్న ధర స్టిక్కరు గీకేసేవారు. 'స్పెషల్' అని సూపర్ మార్కెట్‌వాళ్ళు అంటించే నారింజ రంగు స్టిక్కర్లు ఓ పట్టాన ఊడవు. ఆవిడ కుడి బొటనవేలి గోరు స్టిక్కరు మూల కిందికి దూర్చి, కింది పెదవి పళ్ళ మధ్య బిగించి లాగేవారు. అలా బిగించినప్పుడు నోటి చివర్లు రెండూ పక్కలకి సాగేవి. మొదట్లో నన్ను చూసి నవ్వుతున్నారనుకుని నేనూ తిరిగి నవ్వేదాన్ని. "నవ్వింది చాలు, ఆ డబ్బాలందుకో," అనేవారు.

ఎవరో ఇచ్చిన పాత బట్టలైతే మెడలోని కత్తెరతో లోపల కుట్టిన పేరు పట్టీలు ఒక్కొక్క దారమే కోసి తీసేసేవారు. ఇంత చాదస్తం ఏమిటని ఒకసారి అడిగేశాను. పని ఆపకుండానే చెప్పారు. ఐరోపాలో యూదుల్ని తరుముతున్న రోజుల్లో, ఏడేళ్ళ వయసులో, తల్లితో ఇక్కడ ఓడ దిగారట. తండ్రి వెనక ఓడలో వస్తానని రాలేదు. ఆ చలికాలం ఎవరో దయగల అమ్మగార్లు ఆవిడకి ఒక కోటు తొడిగి, పక్కన నిలబెట్టుకుని ఫోటో తీయించి పేపర్లో వేయించారు. సోమవారం బడికి వెళ్తే ఒక పిల్ల అందరి ముందూ, "అది నా కోటు, జేబు దగ్గర కాలిన మచ్చ నేను చేసిందే" అంది.

"మరి కోటు విప్పేశారా ఆంటీ?"

"విప్పేసి వానలో ఇంటికి నడిచాను. మర్నాడు మా అమ్మ మళ్ళీ తొడిగింది. ఇంకోటి లేదు కదా. మూడు చలికాలాలు తొడిగాను." కత్తెర కిందపెట్టి అన్నారు, "చలి వేయలేదు. అదే చాలు అనుకుంటారు ఇచ్చేవాళ్ళు."

అంతా విని కూడా నేను ఏం చేశానో చెప్తాను. పెట్టె గుమ్మంలో పెట్టి, బెల్లు కొట్టి, ఎవరూ రాకముందే వచ్చెయ్యమని ఆవిడ మొదటిరోజే చెప్పారు. నాకది నచ్చలేదు. మా వైపు ఎవరింటికైనా ఏదైనా పట్టుకెళ్తే గడపలో పడేసి పారిపోతామా? చేతికివ్వాలి, బాగున్నారా అనాలి, మంచినీళ్ళైనా తాగి రావాలి. నాలుగో వారం ఒక ఇంటి ముందు బెల్లు కొట్టి, పెట్టె పట్టుకుని నిలబడ్డాను. తలుపు తెరిచినావిడ ముఖం తెలిసిన ముఖం. అంతకు ముందు వారమే పాపకి పన్ను నొప్పొస్తే తీసుకెళ్ళిన డెంటిస్ట్ దగ్గర కౌంటర్లో కూర్చునేది. నా సంబరం చూడాలి! "మీరా! మా పాప పన్ను గుర్తుందా?" అని గట్టిగా పలకరించాను. ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. పెట్టె అందుకుని, థాంక్స్ అని, తలుపు వేసేసింది. తర్వాతి శుక్రవారం లిస్టులో ఆ అడ్రసు లేదు. ఇక అవసరం లేదని ఫోన్ చేసిందట. ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆంటీ తిట్టలేదు. వ్యాను తీయమని, ఊరి ఉత్తరాన ఆల్బనీలో తన ఒంటిగది యూనిట్ ఇంటికి తీసుకెళ్ళమన్నారు. తను లోపలికెళ్ళి తలుపేసుకుని, నన్ను ఖాళీ పెట్టెతో బయట నిలబెట్టారు. "ఇంజను ఆపకు. పెట్టె పెట్టు, బెల్లు కొట్టు, నేను తలుపు తెరిచేలోగా వ్యాన్లో ఉండు." తలుపు తెరిచినప్పుడు నా వీపు కనపడితే మళ్ళీ మొదటినుంచి. పక్క యూనిట్ల కివీ ముసలాళ్ళు కర్టెన్లు తొలగించి మరీ చూశారు. ఐదోసారి తలుపు తెరిచి, వ్యాను దగ్గరికొచ్చి అద్దం తట్టారు. "ఈసారి కనపడలేదు. ఇప్పుడు నీకు పని వచ్చింది," అన్నారు.

ఆ డెంటిస్ట్ దగ్గరి ఆవిడ కోసం ఆంటీ చేసిన పని ఇంకా గుర్తుంది. వాళ్ళ పస్కా పండుగ దగ్గరపడింది. పులియని రొట్టెలతో పెట్టెలు కట్టి, ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ చూడకుండా తమ వాళ్ళ ఇళ్ళన్నిటికీ ఒకే రకం పెట్టె పంపారు. ఈత కొలనులున్న ఇళ్ళకీ నేనే మోశాను. ఈ సాయం నడిపే కమిటీ అధ్యక్షుడి భార్య ఫోన్ చేసి, మా ఇంటి ముందు ఇదెందుకు పెట్టారు, ఎవరైనా చూస్తే మా గురించి ఏమనుకుంటారు అని గోల పెట్టింది. "ఏమనుకుంటారో మీకూ తెలిసింది కదా," అని ఆంటీ ఫోన్ పెట్టేశారు. పండగ వెళ్ళిన వారం ఆ ఇద్దరు పిల్లల అడ్రసు మళ్ళీ లిస్టులోకి వచ్చింది.

రెండేళ్ళకి నా రిజిస్ట్రేషన్ వచ్చింది, నర్సు ఉద్యోగమూ వచ్చింది. శుక్రవారం సాయంత్రాలు మాత్రం వదల్లేదు. ఆ తర్వాత పెట్టెల పనికి కొత్త మేనేజరు వచ్చాడు. చెడ్డవాడు కాదు, అదే నా కడుపుమంట. మర్యాదస్తుడు, పనిమంతుడు. సాయం ఎవరికి చేరిందో దాతలకి చూపించాలి కదా అన్నాడు. ఫారాలు వచ్చాయి. ఇంట్లో ఎంతమంది, కష్టం ఏమిటి, ఎప్పటినుంచి, ఇక్కడ సంతకం. ప్రతి పెట్టె మీదా ఇచ్చిన కంపెనీ పేరుతో పెద్ద నీలం స్టిక్కరు వచ్చింది. పెట్టె అందినట్టు ఇంటివాళ్ళ ఫోటో కావాలన్నాడు.

"ఆకలికి కూడా సంతకం పెట్టాలా?" అని ఆంటీ మీటింగులో అడిగారట. అందరూ గౌరవంగా విన్నారట. తర్వాత నెలలో ఆవిడకి శాలువా, ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ ఇచ్చి రిటైర్ చేశారు.

అయినా ఆవిడ ఆ శుక్రవారం ఆల్బనీ నుంచి బస్సులకే వేసిన కొత్త దారిలో బస్సెక్కి, ఇంకో బస్సు మారి స్టోరు గదికి వచ్చారు. తలుపు కోడ్ మార్చేశారు. నేను వెళ్ళేసరికి మెట్టు మీద కూర్చుని ఉన్నారు, మెడలో కత్తెరతో. "నాకు చెప్పడం మర్చిపోయుంటారు," అన్నారు. నేను తలుపు తీశాను. లోపల పెట్టెలన్నీ అప్పటికే స్టిక్కర్లతో సిద్ధంగా ఉన్నాయి. కాసేపు చూసి, మళ్ళీ బస్‌స్టాపుకి దింపమన్నారు.

పోయిన ఏడాది బాత్రూములో పడి తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రి నుంచి వాకర్‌తో ఇంటికొచ్చారు. ఎవరు చేర్చారో తెలీదు, ఒక శుక్రవారం నా లిస్టులో ఆవిడ పేరు ఉంది. లిస్టుల్లో అప్పటికి పేర్లు వచ్చేశాయి.

నేను ఇంజను ఆపాను. బెల్లు కొట్టి, పెట్టె పట్టుకుని, ఆవిడ వాకర్ చప్పుడు తలుపుదాకా వచ్చేవరకు నిలబడ్డాను. ఆవిడ నన్ను చూశారు, పెట్టెని చూశారు, స్టిక్కరుని చూశారు.

"ఫోటో కావాలి ఆంటీ," అన్నాను.

అబద్ధం ఆడొచ్చు. ఇంట్లో లేరు అని రాయొచ్చు. గుమ్మాన్ని ఫోటో తీసి పంపొచ్చు. అంతకు ముందు వారం ఇంకో ఇంటికి అలాగే పంపితే ముఖం కనపడాలని మేనేజరు మెల్లగా చెప్పాడు, అంతే. అప్పటికి ఆ పని నాకు బతుకుతెరువు కూడా కాదు. పైవాళ్ళు చెప్పింది చేసేయడం, రాయమన్నది రాసేయడం, అది నాకు పట్టుబడిపోయింది. మంచి నర్సుననే పేరు నాకు దాంతోనే వచ్చింది. ఏ కారణం వెతికినా ఇంతకన్నా మంచిది దొరకడం లేదు.

"అందరి ముఖాలూ తీస్తున్నావా?"

"తీస్తున్నాను ఆంటీ."

"ఉండు." లోపలికెళ్ళి కోటు తొడుక్కుని వచ్చారు. ఎండగానే ఉంది. బొత్తాలన్నీ, మెడ దగ్గరిదాకా పెట్టుకున్నారు. వాకర్ పక్కకి తోసి, తలుపుకి ఆనుకుని, పెట్టె రెండు చేతుల్లోకి తీసుకున్నారు. "త్వరగా తియ్యి. నువ్వు మాట పడకూడదు," అన్నారు. తీశాను. చూపించబోతే వద్దన్నారు.

ఆ తర్వాత రెండు శుక్రవారాలు పెట్టె పెట్టి, బెల్లు కొట్టి, పరుగున వ్యాన్‌కి వచ్చేశాను. ఆవిడ నేర్పిన పద్ధతి అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ముఖం చూపించలేక. మూడో శుక్రవారం ఈమెయిల్ వచ్చింది.

ఆదివారం నాడు సాదా చెక్కపెట్టెలో పడుకోబెట్టారు. ఒకరి తర్వాత ఒకరు పారతో మట్టి వేశారు. వెనక వరసల్లో చాలామంది, కమిటీవాళ్ళకి తెలియనివాళ్ళు, దూరం దూరంగా నిలబడ్డారు. నువ్వెందుకొచ్చావని ఎవరూ ఎవరినీ అడగలేదు. డెంటిస్ట్ దగ్గరి ఆవిడ కూడా వచ్చింది, పక్కన ఇద్దరు పొడుగాటి పిల్లలు. నన్ను చూసి చూడనట్టు చూపు తిప్పుకుంది. నేనూ తిప్పుకున్నాను. ఆ ఒక్కటే ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని.

సోమవారం మేనేజరుకి ఫోన్ చేసి ఆ ఫోటో ఇంకెక్కడా వాడొద్దన్నాను. అతను నిజంగా ఆశ్చర్యపోయాడు. "అదేమిటి, అందరికీ ఎంత నచ్చిందో! ఇంతమందికి ఇచ్చినావిడ చివరికి అందుకుంటూ కూడా ఎంత చక్కగా నవ్వుతున్నారో అని రాస్తున్నారు. సంవత్సరం రిపోర్టు అట్ట మీద వేస్తున్నాం," అన్నాడు. వేయొద్దని బతిమాలాను. కమిటీ నిర్ణయం అయిపోయిందట. వ్యాను తాళాలు పోస్టులో పంపేశాను.

వాళ్ళు కత్తిరించి వేసే ఫోటోలో పెట్టె సగమే ఉంటుంది. పూర్తి ఫోటో నా ఫోన్‌లో ఉంది. ఇవాళ దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి పెద్దది చేసి చూశాను. కోటు బొత్తాలు మెడదాకా ఉన్నాయి. నోటి చివర్లు పక్కలకి సాగి ఉన్నాయి, కింది పెదవి పళ్ళ కింద ఉంది. పెట్టె అంచున కుడి బొటనవేలి గోరు నీలం స్టిక్కరు మూల కిందికి దూరి ఉంది. మూల అప్పటికే లేచింది.