సంఘం జాబితాలో కొట్టేసిన పేర్లు

2022. సిద్దిపేటలో ఒక డయాలసిస్ సెంటర్‌లో డేటాబేస్ పని చూసేవాడిని. చేనేత సంఘం సభ్యుల ఆరోగ్య కార్డుల జాబితా సంఘం కంప్యూటర్‌లో ఉండేది, రోగుల జాబితా మా దగ్గర. ఆ కార్డు మీదే డయాలసిస్ చేస్తారు కాబట్టి రెండూ కలపమన్నారు.

ఇలా కలిపే పద్ధతులు రెండు రకాలు. అంతా ఒకరి అజమాయిషీ కిందికి తెస్తే టైట్ కప్లింగ్. ఎవరి జాబితా వాళ్ల దగ్గరే ఉంచి, కావలసినంతే పంచుకుంటే లూజ్ కప్లింగ్. నేను రెండోది ఎంచుకున్నాను. దీనికి ప్రాణం మ్యాపింగ్, అంటే అక్కడి ఏ గడి ఇక్కడి ఏ గడికి సమానమో రాసే పట్టిక. సంఘం జాబితాలో 'తొలగించినవి' అని ఒక గడి ఉంది. అందులో నాలుగు పేర్లు మాత్రం చూశాను, నలుగురూ పోయినవాళ్లే. గడి మొత్తాన్ని మా 'మృతులు'కు కలిపేశాను. సంఘం ఆఫీసు పది నిమిషాల నడక. వెళ్లి అడగలేదు. బద్ధకం, ఇంకేమీ కాదు.

మూడు నెలలకు లక్ష్మి అనే ఆమె భర్త రాజయ్యను ఆటోలో తెచ్చింది. మహారాష్ట్రలోని భివండికి వలసపోయి మగ్గాల పని చేస్తూ, కిడ్నీలు చెడి తిరిగొచ్చాడు. ముఖం ఉబ్బింది, ఊపిరి అందడం లేదు.

"సారూ, గీ మనిషి సచ్చిపోయిండని మీ కంప్యూటర్ల ఉన్నదట. కార్డు నడువదంటున్రు. గిదేంది? కండ్ల ముంగట కూసున్నడు గదా!"

సంఘం గుమాస్తాకు ఫోన్ చేశాను.

"భివండి పోయినోళ్ల పేరు కొట్టేస్తం సార్. ఆ మగ్గం నూలు ఇంకొకలకు ఇయ్యాలె గదా. మల్లొస్తె మల్ల రాస్తం. ఎప్పటిసంది గదే పద్ధతి."

అంటే ఆ గడిలో ఉన్నవాళ్లంతా చనిపోయినవాళ్లు కాదు, ఊరు విడిచినవాళ్లు కూడా. అప్పటికప్పుడు రికార్డు మార్చి రాజయ్యను మిషన్ ఎక్కించాం. బతికాడు. లక్ష్మి నన్ను తిట్టలేదు. "ఇంక గిట్ల ఎంతమందిని సంపిన్రు సారూ? జర సూడున్రి" అంది.

వలసపోయారని గుమాస్తా చదివిన పేర్లలో ఇంకో ఆరుగురు మా 'మృతులు'లో తేలారు. అందరికీ ఫోన్ చేశాను. ఐదుగురు వాళ్లే ఎత్తారు. ఒక్కో గొంతు వింటుంటే బతికించావు దేవుడా అనుకున్నాను. ఆరో ఫోన్ ఆయన తమ్ముడు ఎత్తాడు.

"అన్న పోయి నెలయితుంది సార్. మీ తాన కార్డు నడువదన్నరు. హైదరాబాద్ తీస్కపోతుంటె తొవ్వలనే పాణం పోయింది."

తప్పు నాదేనని చెప్పాను. "ఇప్పుడు చెప్తె ఏమొస్తది సార్?" అని ఫోన్ పెట్టేశాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఈనాటికీ ఎవరి జాబితా కలపాలన్నా ముందు వాళ్ల ఆఫీసుకు పోతాను. ఏ పేరు ఎందుకు కొట్టేస్తారో కూర్చుని అడుగుతాను. ఆ రోజు మిగిలిన ఐదు పేర్లూ దిద్దాను. ఆరోది దిద్దడానికి లేదు. నేను ముందే రాసిపెట్టినట్టే జరిగింది.